పద్నాలుగు పది

పోయిన సంవత్సరం ఆగస్టు ఇరవై మూడో తేదీ, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పదిహేడు నిమిషాలకు ఇది మొదలైంది. తిరువూరులో ఒక సినిమా హాలు. మ్యాట్నీ ఆట. బాల్కనీలో వెనక నుంచి మూడో వరుస. టైము చూసుకోవడం నాకు ఉద్యోగంలో అంటుకున్న అలవాటు. ఏం జరిగినా ముందు గడియారం చూస్తాను, తర్వాతే భయపడతాను.

దయ్యాల సంగతి ముందే తేల్చేస్తాను. ఈ డెబ్బై ఒక్కేళ్ళలో నేను ఒక్క తాయెత్తు కట్టుకోలేదు. మా ఆయన పోయిన ఇంట్లోనే, ఆయన పోయిన మంచం మీదే ఎనిమిదేళ్ళుగా ఒక్కదాన్నే పడుకుంటున్నాను. పక్కింటివాళ్ళు ఏదో కనిపించిందని చెబితే ఎన్ని గంటలకు, ఎంత దూరంలో, లైటు వెలుగుతోందా అని అడిగేదాన్ని. మూడో ప్రశ్న దాకా ఎవరూ నిలబడేవారు కాదు. ఇప్పుడు అవే ప్రశ్నలు నన్ను నేను వేసుకుని ఇది రాస్తున్నాను.

ముందు పాత సంగతి కొంత చెప్పాలి.

నా పేరు శకుంతల. టెలిఫోను ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. నలభై ఏడేళ్ళ కిందట, పెళ్ళికి ముందు, తిరువూరికి బస్సులో గంట దూరంలో ఉన్న ఒక చిన్న ఊరి ఎక్స్ఛేంజిలో పనిచేసేదాన్ని. ఆ ఊరి పేరు, ఆ తేదీ నా డైరీలో ఉన్నాయి. ఇక్కడ రాయను. ఆ రోజు పోయినవాళ్ళ ఇళ్ళలో ఆ తేదీని మర్చిపోనివాళ్ళు ఇంకా ఉన్నారు.

అప్పటి బోర్డు ఎలా ఉండేదో చెబుతాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఒక్కో లైనుకు ఒక్కో చిన్న ఇత్తడి మూత ఉండేది. అవతల ఎవరైనా ఫోను పక్కనున్న హ్యాండిల్ తిప్పితే ఇవతల ఆ మూత టక్కున కిందికి పడేది. ఏ మూత పడిందో చూసి, మేము ఆ లైనులోకి వెళ్ళి ఎవరు కావాలో అడిగి కలపాలి. పిలుపు అందిన టైమును టికెట్టు అనే చిన్న చీటీ మీద సిరాతో రాయాలి. మా డిపార్టుమెంటులో ఇరవై నాలుగు గంటల లెక్క. మధ్యాహ్నం రెండూ పది అంటే పద్నాలుగు పది.

అది శ్రావణమాసం. నాలుగు రోజులుగా ముసురు. మాకు ఎగువన ఉన్న ఊళ్ళో చెరువు కట్ట తెగి నీళ్ళన్నీ వాగులో పడ్డాయి. వాగు మీద అప్పట్లో వంతెన లేదు, చప్టానే. రెండున్నరకు చప్టా మీదికి వచ్చిన బస్సు కొట్టుకుపోయింది. తొమ్మిది మంది చనిపోయారు.

ఎగువ ఊళ్ళో ఫోను పోస్టాఫీసులో ఒక్కటే ఉండేది. పోస్టుమాస్టరు దేవదానం గారు. పొద్దున బడిలో పాఠం చెప్పి మధ్యాహ్నం పోస్టాఫీసు చూసుకునేవారు కాబట్టి అందరూ ఆయన్ను మాస్టారనే పిలిచేవారు. బస్సులు ఆపించమని పోలీసు స్టేషనుకు చెప్పడానికి ఆయన ఫోను చేశారు. ఎన్నింటికి చేశారన్నదే ఎంక్వయిరీలో ప్రశ్న. పద్నాలుగు పదికి మొదలుపెట్టి మూడుసార్లు హ్యాండిల్ తిప్పానని ఆయన చెప్పారు. నా టికెట్టు మీద పద్నాలుగు నలభై అని ఉంది. టికెట్టునే నమ్మారు.

మాస్టారిని పోస్టాఫీసు నుంచి తీసేశారు. నిద్రపోయాడని కొందరు, తాగి పడుకున్నాడని కొందరు అన్నారు. ఆయన తాగే మనిషి కాదు, వాళ్ళ చర్చిలో పెద్ద. పోయినవాళ్ళలో ఆ ఊరివాళ్ళు నలుగురు. ఆయన గుమ్మం ముందు శాపనార్థాలు పెట్టారు. ఆరు నెలలకు ఆయన కుటుంబంతో ఊరు వదిలిపెట్టారు. పదకొండేళ్ళకు వేరే ఊళ్ళో పోయారని విన్నాను.

రెండేళ్ళ కిందట, మామిడికాయల రోజుల్లో, సినిమావాళ్ళు మా ఇంటికి వచ్చారు. ఈ సంఘటన మీద సినిమా తీస్తున్నారట. వచ్చినాయన పేరు రఘు, కో-డైరెక్టరు, నలభై అయిదేళ్ళుంటాయి.

"అప్పటి ఆపరేటరు మీరేనంట కదా మేడమ్. మీరు దొరికారంటే మాకు సగం పని అయిపోయినట్టే," అన్నాడు.

నేను మూడు రోజులు కూర్చోబెట్టి చెప్పాను. ఆపరేటరు కుర్చీకి చేతులు ఉండవని చెప్పాను. గోడ గడియారం ఎడమ వైపు ఉండాలని చెప్పాను. వాళ్ళు ఆపరేటరు పాత్రకు రెండు చేతుల నిండా మట్టిగాజులు రాసుకున్నారు. గాజుల చప్పుడు లైనులో వినిపిస్తుంది, డ్యూటీలో తీసి పక్కన పెట్టేవాళ్ళమని చెప్పి అవి తీయించాను.

"మరి పోస్టుమాస్టరు సంగతేంటండీ?" అని అడిగాను.

"ఎంక్వయిరీలో ఉన్నదే తీస్తున్నాం మేడమ్. విలన్ అతనే. సీసా పక్కన పెట్టుకుని పడుకుంటాడు, ఇటు చెరువు తెగుతుంటుంది. హాల్లో ఒక్కడు కూడా కుర్చీలో కూర్చోడు చూడండి."

"ఆయన తాగరు."

"సినిమా కదండీ. టైము మాత్రం తేడా రాకూడదు మాకు. పద్నాలుగు నలభయ్యే కదా?"

"అవును," అన్నాను. కుర్చీ చేతుల గురించి అరగంట వాదించినదాన్ని, ఆ మాట దగ్గర కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ శనివారం నేను హాలుకు ఒక్కదాన్నే వెళ్ళాను. మొదట్లో యథార్థ సంఘటన ఆధారంగా అని వేశారు. కృతజ్ఞతల్లో మూడో పేరు నాది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ పేరు చూసి నాకు సంతోషం వేసింది. ముందు వరుసలో మా వీధివాళ్ళు వెనక్కి తిరిగి చూసి నవ్వితే నేనూ నవ్వాను.

మూడు పదిహేడుకు ఎక్స్ఛేంజి సీను వచ్చింది. మూత టక్కున పడింది. ఆపరేటరు దాన్ని వేలితో పైకి నెట్టింది. మళ్ళీ పడింది. మళ్ళీ నెట్టింది. మూడోసారి పడింది. తర్వాత టికెట్టును తెర నిండా చూపించారు.

14-10 అని ఉంది.

అంకె తప్పు పడిందేమో అనుకునేంత టైము కూడా నాకు దొరకలేదు. ఎందుకంటే ఆ రాత నాది. నేను ఒకటి అంకెకు పైన చిన్న ముక్కు పెడతాను. అడ్డగీత చివర కొద్దిగా కిందికి వంగుతుంది. టికెట్టు కుడి మూల గోరంత నూనె మరక ఉంది. ఆ రోజు మధ్యాహ్నం నేను బోర్డు ముందే పెరుగన్నంలో మాగాయ నంజుకుని తిన్నాను. చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా టికెట్టు పట్టుకున్నాను. ఆ మరక సంగతి నేను రఘుకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

ఇన్నేళ్ళు దాచింది ఇక్కడ చెప్పాలి.

ఆ రోజు పద్నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకు మా ఊరి రైసుమిల్లు నుంచి విజయవాడకు ట్రంకు కాల్ కలిపాను. మిల్లు నుంచి మాట్లాడుతున్నది ముందు ఆదివారం నన్ను చూసి వెళ్ళిన పెళ్ళికొడుకు తండ్రి. అవతల ఆయన బావమరిది. కలిపిన తర్వాత ఆపరేటరు లైనులోంచి తప్పుకోవాలి. నేను తప్పుకోలేదు.

"పిల్ల రంగు తక్కువేరా. కాకపోతే గవర్నమెంటు ఉద్యోగం."

"రంగుదేముంది బావా, పిల్లాడికి ఇష్టమేనా?"

అప్పుడు మూత పడింది. దేవదానం మాస్టారు. "అర్జంటమ్మా," అన్నారు. అర్జంటు అనని మనిషిని ఆ ఉద్యోగంలో నేను చూడలేదు. "ఉండండి మాస్టారూ, లైను ఖాళీ లేదు," అని ఆయన ఇంకో మాట అనకముందే ఆయన లైను కీ మూసేశాను. చెయ్యి అలవాటు కొద్దీ టికెట్టు మీద 14-10 రాసింది. నాకు అవతలి జవాబు వినాలి.

మూడు నిమిషాలకు హెచ్చరించి ఆరు నిమిషాలకు కట్ చేయాల్సిన కాల్‌ను పన్నెండు నిమిషాలు నడవనిచ్చాను. మధ్యలో మూత మళ్ళీ పడింది. వేలితో పైకి నెట్టాను. చివరికి, ఇష్టమే అని వినిపించింది. వాళ్ళు ఫోను పెట్టేశాక నేను వెనక గదిలోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. అద్దంలో చూసుకున్నాను. జడ విప్పి మళ్ళీ వేసుకున్నాను. మాస్టారు నాకు గుర్తు రాలేదు.

మూడోసారి మూత పడినప్పుడు పద్నాలుగు నలభై. "కట్ట తెగిందమ్మా, బస్సులు ఆపించమ్మా, అరగంట నుంచి తిప్పుతున్నా," అన్నారు. ఆయన గొంతు పోయింది. వెంటనే స్టేషనుకు కలిపాను. అప్పటికి బస్సు పోయి పది నిమిషాలు.

ఆ సాయంత్రం టికెట్లన్నీ కట్ట కట్టి ఇవ్వమన్నారు. ఒకటి అంకెకు ముక్కు కొంచెం కిందికి సాగదీసి, అడ్డంగా ఒక గీత గీస్తే నాలుగు అవుతుంది. రెండు గీతలు. అదే కలం, అదే సిరా. ఆ టికెట్టు ఎంక్వయిరీ ఫైలులోకి వెళ్ళింది. పన్నెండేళ్ళ తర్వాత పాత ఫైళ్ళతో పాటు దాన్నీ తగలబెట్టారని మా సూపర్‌వైజరు చెబితే ఆ రోజు బాగా నిద్ర పట్టింది.

ఆ సంబంధమే ఖాయమైంది. ముప్పై తొమ్మిదేళ్ళు కాపురం చేశాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఇంటర్వెల్లో కూల్‌డ్రింకుల దగ్గర మా వీధివాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "పేరు వేశారుగా శకుంతలగారూ, ఇంక మీరు మాకు దొరకరు," అని ఆటపట్టిస్తున్నారు. ఆ మాట విని యాభై దాటిన ఒకావిడ దగ్గరికి వచ్చింది. తెల్ల జాకెట్టు, నీలిరంగు చీర.

"నమస్తే అండీ. నేను సువార్తని. దేవదానం మాస్టారి అమ్మాయిని. గంపలగూడెం వైపు బళ్ళో టీచర్ని."

ఎంక్వయిరీ రోజున వరండాలో తండ్రి గొడుగు పట్టుకుని నిలబడ్డ పదేళ్ళ పిల్ల గుర్తొచ్చింది.

"మా నాన్నని తాగుబోతుని చేశారు, పర్లేదు, అది వినీ వినీ అలవాటైపోయింది," అంది. "కానీ ఆ చీటీ చూశారా? పద్నాలుగు పది అని వేశారు! మూత కూడా మూడుసార్లు పడింది. నాన్న చచ్చేదాకా అన్నమాట అదే అండీ. వీళ్ళకి ఎవరు చెప్పారు? మీరేనా?"

"లేదమ్మా. పద్నాలుగు నలభై అనే ఉంది."

"కాదండీ. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నెలరోజుల కిందటే అద్దాలు మార్పించాను. ఇటు మూల మరక కూడా ఉంది, పచ్చడి నూనె పడ్డట్టు. అంత స్పష్టంగా చూశాను."

మరక మాట ఆమె నోటి నుంచి వచ్చింది. నేను అనలేదు. ఇది గమనించమని కోరుతున్నాను.

"నేను చూడలేదమ్మా," అన్నాను. మిగతా సినిమా చూడకుండా ఇంటికి వచ్చేశాను.

మర్నాడు ఆదివారం. వెళ్ళకూడదనుకుంటూనే అదే ఆటకు వెళ్ళాను. సువార్త వచ్చి ఉంది. చర్చి అయ్యాక వాళ్ళ పాస్టరుగారిని, ఇంకో అయిదుగురు పెద్దవాళ్ళను ఆటోలో వెంటబెట్టుకొచ్చింది. ఎవరి ముందు తండ్రి తల దించుకుని బతికాడో వాళ్ళకు ఆ చీటీ చూపించాలని. నాకు రెండు వరుసల ముందు కూర్చున్నారు.

మూడు పదహారుకు ఎక్స్ఛేంజి సీను వచ్చింది. మూత ఒక్కసారే పడింది. టికెట్టు తెర నిండా వచ్చింది. 14-40. గుండ్రటి రాత, ఎవరిదో. మరక లేదు.

సువార్త లేచి నిలబడింది. "నిన్న పది ఉందండీ. పాస్టరుగారూ, నిన్న పది అనే ఉంది."

"మామ్మగారూ, కూర్చోండి, తెర కనబడట్లా," అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"సీరియల్ అనుకుందిరా, రోజుకోటి మార్చడానికి," అని ఇంకొకడు. హాలంతా నవ్వింది.

ఆమె వెనక్కి తిరిగి వెతికింది. తెర వెలుగులో నేను కనబడ్డాను. "మేడమ్, మీరు చెప్పండి. నిన్న మీరూ ఉన్నారుగా. మీకూ కనబడింది కదా?"

పాస్టరుగారు, ఆ అయిదుగురు నా వైపు చూశారు. ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట్లోనే ఉంది.

"నాకేం కనబడలేదు. కూర్చో," అన్నాను.

కూర్చుంది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి రఘుకు ఫోను చేశాను. సినిమాలో టికెట్టు మీద ఏముందని అడిగాను.

"పద్నాలుగు నలభై మేడమ్. మీరు చెప్పిందేగా."

"ఏ ఊళ్ళోనైనా వేరేగా పడే అవకాశం ఉందా?"

నవ్వాడు. "ఇప్పుడు రీళ్ళు కాదు మేడమ్, అన్ని హాళ్ళకీ ఒకటే ఫైలు. ఏమైంది?"

"మూత ఎన్నిసార్లు పడుతుంది?"

"ఒక్కసారే. ఎంక్వయిరీలో ఒక్కసారేగా?"

"టికెట్టు మీద నూనె మరక ఏమైనా పెట్టారా?"

"నూనె మరకేంటి మేడమ్?"

షూటింగు రోజున టికెట్టుకు తీసిన ఫోటో పంపాడు. వాళ్ళ ఆర్టు విభాగంలో ఒకమ్మాయి రాసిందట. 14-40. మరక లేదు.

నా తప్పు నా కళ్ళను మోసం చేసిందనుకుందామని చాలా ప్రయత్నించాను. ఒప్పుకోవచ్చు కూడా. సువార్తది తండ్రి మీద ఆశ, అందుకే ఆమెకూ పది కనబడిందనుకోవచ్చు. కానీ ఆ టికెట్టును ఆమె ఎప్పుడూ చూడలేదు. మాగాయ మరకను ఆమె ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? ఈ ప్రశ్న దగ్గరే నేను ఆగిపోతాను.

అక్టోబరు నాలుగో తేదీ, దసరా వెళ్ళిన రెండో రోజు, పొద్దున ఏడున్నర బస్సెక్కి గంపలగూడెం వైపు వెళ్ళాను. సువార్త ఇల్లు కనుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వరండాలో కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నన్ను చూసి కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పాను. రైసుమిల్లు కాల్ గురించి చెప్పాను. జడ గురించి చెప్పాను. రెండు గీతల గురించి చెప్పాను. హాల్లో నాకూ పది కనబడిందని చెప్పాను.

ఆమె ఎర్ర పెన్నుకు మూత పెట్టి విన్నది.

"బోర్డు దగ్గర ఉన్నది మీరొక్కరే. ఆ మాత్రం లెక్క నాకు రాదా అండీ?" అంది. "చిన్నప్పటి నుంచి తెలుసు. అది కాదు నాకు. ఊరంతా ఒక పక్క, నేనొక్కదాన్నీ ఒక పక్క ఉండి నాన్నని నమ్మాను. మా అమ్మ కూడా ఒకోసారి, కునుకు పట్టిందేమోనే అనేది. నేనొక్కసారి కూడా అనుకోలేదు. ఆ ఆదివారం మీరు కూర్చో అన్నాక, ఇంటికొచ్చి మొట్టమొదటిసారి అనుకున్నాను. నిద్రపోయాడేమోలే అని. ఇవాళ్టి దాకా అనుకుంటూనే ఉన్నా. ఎన్ని రోజులో మీరే లెక్కపెట్టుకోండి, మీకు అలవాటేగా."

లెక్కపెట్టాను. నలభై ఒకటి.

క్షమించమనబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నేనూ దేవుడూ చూసుకుంటాం. మీరు రాయండి. మా నాన్న నోటి మాట ఎవరూ నమ్మలేదు, మీ చేతిరాతే నమ్మారు. ఆ చేత్తోనే రాయండి. మీ పేరు పెట్టి రాయండి."

లోపలికి వెళ్ళి టీ తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆమె మళ్ళీ పేపర్లు ముందుకు లాక్కుంది.

ఇది రాయడానికి అప్పటి నుంచి ఇన్ని నెలలు తీసుకున్నాను. అదీ సిగ్గుపడాల్సిందే. ఈలోగా సినిమా ఫోనులోకి వచ్చింది. ఆ టికెట్టు దగ్గర ఆపి ఇప్పటికి ముప్పై ఒక్కసార్లు చూశాను. ప్రతిసారీ 14-40. మూత ఒక్కసారే పడుతుంది. ఆ శనివారం తెర మీదికి నా రాత ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా కనబడటం లేదు. ఎందుకొచ్చిందో మాత్రం తెలుసు. రెండుసార్లు అవకాశం ఇచ్చింది. రెండుసార్లూ కాదన్నాను.

పోయినవి రాస్తున్నాను.

మనుషులు, తొమ్మిది మంది.

దేవదానం మాస్టారి ఉద్యోగం, ఊరు, మంచిపేరు.

తండ్రి మీద సువార్తకున్న నమ్మకం, నలభై ఒక్క రోజులు.

పద్నాలుగు పది నుంచి పద్నాలుగు నలభై దాకా, ముప్పై నిమిషాలు.